పేర్లు లేని గిన్నెలు

మధ్యాహ్నం మూడున్నర దాటింది. ఎండ ఇంకా తెల్లగానే ఉంది. గాలి లేదు, ఆకాశంలో ఎక్కడా మబ్బు తునక లేదు. ఈ సంగతి కెజీయా ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఒకసారి, కాలవ గట్టు ఎక్కాక ఒకసారి, సమాజమందిరం మెట్ల దగ్గర ఇంకోసారి చూసుకుంది. ఆరు నెలలుగా ఆమె పైకి చూడకుండా గుమ్మం దాటడం లేదు.

మందిరం వరండాలో సాదోకు మాష్టారు పీట మీద కూర్చుని, కోళ్ళు కోసే కత్తి అంచును బొటనవేలి గోటి మీద మెల్లగా జరిపి చూస్తున్నాడు. అంచులో వెంట్రుకంత నొక్కు ఉన్నా ఆ కత్తితో కోసిన కోడి వాళ్ళకు పనికిరాదు. ఆ పాలెంలో ఉన్న ముప్ఫై గడపల యూదు సమాజానికి కోడి కోసేదీ ఆయనే, ప్రార్థన చెప్పేదీ ఆయనే, శనివారం సాయంత్రాలు తమ ధర్మశాస్త్రమైన తోరా పాఠం చెప్పేదీ ఆయనే. అంతకుముందు పంచాయతీ బడిలో ముప్ఫై ఏళ్ళు ఎక్కాలు చెప్పాడు. బళ్ళో పిల్లలు అడిగితే జవాబు చెప్పేవాడట. మందిరంలో పెద్దవాళ్ళు అడిగితే మాత్రం చెప్పడు, ఏదో ఒక పని పురమాయించి పంపేస్తాడు. పని పూర్తయ్యేసరికి అడిగినవాళ్ళకు జవాబన్నా దొరికేది, ప్రశ్న మీద ఆశన్నా పోయేది. అందుకని తెలివైనవాళ్ళు పాఠం విని, చాప మడిచి, నోరు మూసుకుని వెళ్ళిపోయేవారు.

కెజీయా పదేళ్ళుగా పాఠానికి వస్తోంది. ఒక్క ప్రశ్న అడిగింది లేదు. ఆ రోజు పైకి ఎక్కకుండా మెట్టు మీదే నిలబడి అడిగింది.

"మాష్టారూ, తీసుకున్నది తిరిగి ఇవ్వడం తప్పా?"

మాష్టారు కత్తి తిప్పి రెండో వైపు గోటి మీద పెట్టాడు. "ఎవరు తీసుకున్నారు?"

"నేనే."

"ఎవరికిచ్చావు?"

"అందరికీ. ఎవరిది వాళ్ళకి."

"మరింకేం?"

"హుల్దత్త పస్కా పండక్కి కూడా రాలేదు," అంది కెజీయా.

అది మాష్టారికి తెలియని సంగతి కాదు. పాలెంలో అందరికీ తెలుసు. ఎందుకు రాలేదో కూడా తెలుసు.

కిందటి అక్టోబరులో కెజీయా భర్త ఆషేరు పిడుగుపాటుకు పోయాడు. వాన పడుతుంటే పొలం గట్టు మీద తుమ్మచెట్టు కింద నిలబడ్డాడు. చెట్టు నిలువునా చీలింది. మనిషి మీద గాయమైతే లేదు, చెప్పులు మాత్రం అంత దూరాన పడి ఉన్నాయి. కబురు అందేసరికి కెజీయా ఎవరిదో జాకెట్టుకు చంకముక్క అతుకుతోంది. ఆ జాకెట్టు ఇప్పటికీ అలాగే ఉంది.

వాళ్ళలో సమాధి దగ్గర నుంచి వచ్చాక తినే మొదటి ముద్ద సొంతింటిది కాకూడదు. పరాయి చేతిది కావాలి. ఆ తర్వాత ఏడు రోజులూ ఆ ఇంట్లో పొయ్యి రాజెయ్యరు, ఇంటివాళ్ళు నేల మీదే కూర్చుంటారు, తిండి సమాజం చూసుకుంటుంది. దీనికో పద్ధతి ఉంది. వెనకటి రోజుల్లో ఉన్నవాళ్ళు వెండి పళ్ళాల్లో, లేనివాళ్ళు తాటాకు బుట్టల్లాంటి వాటిల్లో తెచ్చేవారట. లేనివాళ్ళు తల దించుకోవాల్సి వచ్చేది. అది చూసి పెద్దలు, ఎంతటివాళ్ళయినా బుట్టల్లోనే తేవాలని కట్టడి చేశారట. పాలెంలో ఇంటింటికీ స్టీలు సామాను వచ్చి, గిన్నె గిన్నెకూ పేర్లు కొట్టించుకోవడం మొదలైన కాలంలో, సాదోకు మాష్టారు ఆ మాట పాఠంలో చెప్పి ఊరుకోలేదు. పన్నెండు సత్తు గిన్నెలు కొనుక్కొచ్చాడు. అన్నీ ఒకటే కొలత, ఒకటే మూత, దేని మీదా పేరు లేదు. అవి మందిరంలో చెక్కపెట్టెలో ఉంటాయి. ఎవరికి తోచినప్పుడు వాళ్ళు ఒకటి తీసుకెళ్ళి, కలిగింది వండి, ఆ ఇంటి అరుగు మీద పెట్టి, పిలవకుండా వెళ్ళిపోవాలి. తిన్నాక కడిగి పెట్టెలో పెట్టేస్తారు. అంతే. ఎవరు పెట్టారో తినేవాళ్ళు అడగరు, పెట్టినవాళ్ళు చెప్పరు.

కెజీయా పుట్టింది వేరే రకం ఇంట్లో. పక్కింటి నుంచి గ్లాసుడు మజ్జిగ తెచ్చుకుంటే, ఆ గ్లాసులో నాలుగు పచ్చిమిరపకాయలైనా వేసి పంపేది వాళ్ళమ్మ. ఖాళీ గిన్నె తిరిగివ్వడమంటే ఆ ఇంట్లో దొంగతనంతో సమానం. కెజీయా ఆ తల్లికి తగిన కూతురు. మిషను కుట్టి ఇల్లు నడిపింది కాని, ఒకళ్ళ చెయ్యి కింద చెయ్యి పెట్టలేదు. అలాంటి మనిషికి ఏడు రోజులు ఊరి తిండి తినాల్సి వచ్చింది.

నేల మీద చాప వేసుకుని కూర్చుంటే, గుమ్మానికి కట్టిన తెర కింద నుంచి జానెడు వెలుతురు కనపడేది. ఆ జానెడులో అరుగు, అరుగు మీదికి వచ్చే పాదాలు. పాలెంలో ఆడవాళ్ళ లంగాలన్నీ ఆమె కుట్టినవే. అంచు కొలవడానికి ప్రతి పాదం దగ్గరా వంగినదే. ఏ మడమ పగిలిందో, ఏ వేలు వంకరో ఆమెకు తెలుసు. గిన్నె లోపలికి రాగానే, మిషను డబ్బాలోంచి ఒక రంగు దారం తీసి గిన్నె చెవికి ముడి వేసేది. నీలం రిబ్కాది. పసుపుపచ్చది దానీయేలు భార్యది. నాలుగో రోజు వచ్చిన గిన్నెకు ఆకుపచ్చ దారం. ఎడమకాలి చిటికెన వేలు పక్క వేలి మీదకు ఎక్కి ఉంటుంది హుల్దత్తకు. ఆ గిన్నెలో పల్చటి గంజి, అడుగున కాసిని మెతుకులు, పైన ఒక ఉల్లిపాయ. హుల్ద ఒంటరి ముసలిది, కూలి దొరికిన రోజు వండుకుంటుంది.

గిన్నెలు పెట్టెకు పంపలేదు. నెల తిరిగాక కెజీయా రెండు రోజులు పొయ్యి దగ్గర నిలబడింది. పప్పు పెట్టినవాళ్ళకు నెయ్యి పోసి పప్పు, గుడ్లు పెట్టినవాళ్ళకు గుడ్ల పులుసు, ఎవరిది వాళ్ళకు పొద్దున పూటే పట్టుకెళ్ళి ఇచ్చింది. హుల్దత్త గిన్నెలో కోడికూర నింపింది. గంజికి గంజి ఇస్తే బాగుండదని తనకు తోచిన మర్యాద అది. హుల్ద ఇంటి ముందే కొళాయి. బిందెలతో అయిదారుగురు ఉన్నారు.

"నాలుగో రోజు గంజి గిన్నె మీదే కదా హుల్దత్తా," అంది కెజీయా. "ఇదిగో."

అందరూ హుల్ద మొహంలోకి చూశారు. హుల్ద గిన్నె అందుకోలేదు.

"గిన్నెలకు పేర్లున్నయ్యా?" అంది. లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది.

కెజీయా గిన్నె అరుగు మీద పెట్టి తిరిగింది. కొళాయి దగ్గర అబీగయీలు, తోడికోడలి వరస, నవ్వులాటకు, "నాకేదీ అక్కా?" అంది. అన్నాక ఆమె నవ్వే ఆగిపోయింది. "ఓహో. నేను పెట్టలేదని కూడా నీకు తెలుసన్నమాట."

ఆ శనివారం నుంచి హుల్ద మందిరానికి రావడం మానేసింది. ఆడవాళ్ళ వైపు చాప మీద గోడ వారన ఆమె కూర్చునే చోటు అలాగే వదిలేసి కూర్చుంటున్నారు మిగతావాళ్ళు. కాళ్ళు చూసి ఆనవాలు పట్టిందన్న సంగతి పాలెమంతా పాకింది. మొన్న ఎవరో, "ఇంక కెజీయా ఇంటికి గిన్నె పెట్టాలంటే బూట్లు తొడుక్కుని పోవాల," అన్నారు. అందరూ నవ్వారు. కెజీయా కూడా నవ్వబోయింది, రాలేదు. నవ్వు పోతే పోయింది, వాళ్ళ పక్కన కూర్చునే చోటే తనకు లేకుండా పోతోందని ఆమెకు అప్పుడు అర్థమయింది.

మాష్టారు ఇదంతా మళ్ళీ చెప్పించుకోలేదు. కత్తిని గుడ్డలో చుట్టాడు.

"హుల్దమ్మని ఎప్పుడైనా ఏమన్నా అడిగావా అమ్మాయ్?"

"ఏమడగాలి?"

"ఏదో ఒకటి. చింతపండు. అగ్గిపెట్టె."

"నాకేం లోటు లేదు మాష్టారూ."

"అయితే లోటు వచ్చాక రా."

కెజీయాకు కోపం వచ్చింది. మొగుడు పోయిన మనిషిని లోటు వచ్చాక రమ్మంటాడా? అందరికీ ఏదో ఒక పనైనా చెప్తాడు, తనకు అదీ చెప్పలేదు. పైకి చూసుకుని, గట్టు దిగి ఇంటికి వెళ్ళిపోయింది.

లోటు మూడో రోజుకే వచ్చింది. దాన్ని తెచ్చింది పంతొమ్మిదేళ్ళ కూతురు తిర్సా.

"ఎల్లుండి నుంచి హుల్దమ్మమ్మ ముఠాతో మిరప కోతకు పోతన్నా," అంది తిర్సా, అన్నం కలుపుకుంటూ.

"వద్దు."

"కాలవ అవతలేగా. ఆఖరి కోత, నాలుగు రోజులకు మించి ఉండదు."

"వద్దన్నాను."

"ఆర్నెల్లుగా వద్దంటానే ఉన్నావు. ఎండ కాస్తుంటే కూడా తలుపేస్తన్నావు. పిడుగు తలుపు కొట్టి వస్తదా అమ్మా?" పిల్ల ముద్ద కంచంలో పెట్టేసింది. "పోయింది నాన్న. నేను పోలేదు. నన్ను కూడా సాగనంపినట్టు చూడబాక."

కెజీయా లేచి మిషను దగ్గరికి వెళ్ళింది. సూదిలోకి దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు. చివర నోట్లో తడిపి మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ పక్కకే పోయింది. వెనక నుంచి తిర్సా వచ్చి దారం అందుకుని ఎక్కించి, వెళ్ళి పడుకుంది.

తెల్లారాక కెజీయా మందిరానికి వెళ్ళింది. "లోటు వచ్చింది మాష్టారూ," అంది.

మాష్టారు వేపపుల్ల తీసి ఉమ్మేశాడు. "నా దగ్గరికెందుకు వచ్చావు? హుల్దమ్మ ఇల్లు తెలుసుగా."

హుల్ద అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. కెజీయా వచ్చి ఎదురుగా నిలబడితే తల ఎత్తకుండానే కాళ్ళ వంక చూసింది.

"చూశావా, నాకు కూడా వచ్చింది విద్య. కెజీయమ్మగారి కాళ్ళు. గిన్నె ఏం తెచ్చావు ఈసారి?"

"ఏం తేలేదత్తా."

"ఉత్త చేతులతోనే?"

"ఉత్త చేతులతోనే."

హుల్ద తల ఎత్తింది. "ఊఁ."

కెజీయా చెప్పదలచుకున్నది దారి పొడుగునా కూడబలుక్కుని వచ్చింది. అదేదీ గుర్తు లేదు. "తిర్సా కోతకు వస్తానంటంది. ఆపలేను. మబ్బు పట్టిందంటే నాకు చేతులు పనిచెయ్యవు. రాత్రి సూదిలో దారం ఎక్కించలేకపోయాను. దాన్ని నీతో తీసుకుపో. నీ పక్కనే పెట్టుకో."

"నీ పిల్లని నేను కనిపెట్టుకు ఉండాల. ముసల్దాన్ని."

"ఆ."

"దానికి నాకేం ఇస్తావు?"

జాకెట్లు రెండు కుట్టి ఇస్తానని కెజీయా నాలుక చివరి దాకా వచ్చింది. హుల్ద చింతగింజ వేళ్ళ మధ్య పట్టుకుని చూస్తోంది, ఏమంటుందోనని. కెజీయా ఆ మాట మింగేసింది. మింగడం కష్టమే అయింది.

"ఏమీ ఇవ్వను," అంది.

హుల్ద గింజ గిరాటేసింది. "అట్టా అన్నావు, బాగుంది. రేప్పొద్దున ఆరింటికి పంపు. తలకు గుడ్డ కట్టుకోమను. అక్కడ అమ్మా అమ్మా అని ఏడిస్తే కాలవలో తోస్తానని చెప్పు."

మొదటి రోజు ఎండ. తిర్సా వేళ్ళు మంటలతో, మొహం నిండా వెలుగుతో వచ్చింది. రెండో రోజూ ఎండే. మూడో రోజు మధ్యాహ్నానికి గాలి ఆగిపోయింది. నాలుగు కొట్టేసరికి పడమట నుంచి సిరా ఒలికినట్టు మబ్బు కమ్మింది.

కెజీయా మిషను మీద గుడ్డ వదిలేసి పరిగెత్తింది. కాలవ అవతల దారి కనపడేది మందిరం వరండా నుంచే. మాష్టారు అక్కడ లాంతరు గ్లాసు తుడుస్తున్నాడు. ఆమెను చూసి జరిగి చోటిచ్చాడు. భయపడొద్దని ఆయన అనలేదు. దేవుడున్నాడనీ అనలేదు.

మెరిసింది. కెజీయా చెవులు మూసుకుంది.

"చేతులు తియ్యి," అన్నాడు మాష్టారు, బళ్ళో పిల్లకు చెప్పినట్టు. "మెరిశాక ఉరుము వినపడేదాకా అంకెలు లెక్కపెట్టు. పైకి."

"ఒకటి, రెండు, మూడు, నాలుగు..." ఏడు దగ్గర ఉరిమింది.

"దూరంగానే ఉంది. మళ్ళీ."

అయిదు. మళ్ళీ అయిదు. తర్వాత మూడు. ఆ తర్వాత ఒకటి అనే లోపే వరండా అంతా తెల్లబడి, చెవి పక్కనే కొట్టినట్టయింది. కాలవ అవతల ఎక్కడో పడింది. వాన దడదడా దిగింది, అవతలి గట్టు కనపడటం మానేసింది. కెజీయా నోట అంకె రాలేదు. మాష్టారే ఆమె బదులు లెక్కపెట్టాడు, నిలకడగా, తొందర లేకుండా, ఎక్కం చెప్పినట్టు. మూడు. ఆరు. ఎనిమిది. పదకొండు. ఆ తర్వాత ఉరుము ఊరు దాటి ఉత్తరానికి వెళ్ళిపోయింది.

"ఎవరికైనా ఫోను..." అంది కెజీయా.

"తడిసి ఉంటయ్యి. కూర్చో."

అరగంటకు వాన సన్నబడింది. వంతెన మీద నుంచి మనుషులు వస్తున్నారు, నెత్తిన గోనెసంచులు కప్పుకుని, ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని. ముందు తిర్సా. కెజీయా మెట్లు దిగి పిల్ల భుజాలు పట్టుకుంది, చెంపలు తడిమింది, చెవులు తడిమింది. తిర్సా ఊపిరి ఆడక నవ్వుతోంది.

"ఉరుము ఉరమంగానే అందరం వేపచెట్టు కిందకు పరిగెత్తామమ్మా. నేను కూడా. హుల్దమ్మమ్మ అడ్డం వచ్చి నిలబడింది, చేతిలో కర్ర. చెట్టు కిందకు పోయినదాని కాళ్ళిరగ్గొడతానంది. ఒక్కటే తిట్లు. నిజంగానే కొట్టింది కూడా."

"నన్ను," అంది వెనక నుంచి అబీగయీలు, మోచెయ్యి చూపించి. "రెండు తగిలినయ్యి."

"మమ్మల్నందరినీ తోలుకుపోయి నీళ్ళ మోటార్ల సిమెంటు గదిలో పడేసింది. తను ఆఖరున వచ్చి తలుపేసింది. వేపచెట్టు..." తిర్సా ఆగింది. తల్లి మొహం చూసి ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. చెయ్యాల్సిన పని కూడా లేకపోయింది.

"ఆవిడేది?" అంది కెజీయా.

"గట్టు మీద జారింది. కాలు బెణికింది, నడవలేకపోతంది. మేం ఉంటామంటే ఊరుకోలేదు. 'మీ అమ్మ అక్కడ చస్తా బతుకుతా ఉంటది, ముందు నువ్వు కనపడు పో' అని తోలేసింది. వంతెన దగ్గర కూర్చుంది."

కెజీయా అక్కడ ఆగలేదు. వాన పడుతూనే ఉంది, ఉత్తరాన ఇంకా మెరుస్తూనే ఉంది. చెంగు తల మీద కప్పుకోవడం కూడా తోచలేదు. గట్టు మీద బురదలో ఒక చెప్పు ఉండిపోయింది, దాన్నీ వదిలేసింది.

హుల్ద వంతెన పిట్టగోడ మీద కూర్చుని, వాచిన కాలు ముందుకు చాపుకుని, కొంగుతో మొహం తుడుచుకుంటోంది.

"వచ్చావా," అంది. "పిల్ల చేరిందా?"

"చేరింది. లే అత్తా. నా మెడ మీద చెయ్యి వెయ్యి."

"నేను పడితే నువ్వూ పడతావు."

"పడదాం."

హుల్ద చెయ్యి వేసింది. మనిషి ఎండిపోయినట్టు కనపడుతుంది గాని బరువుంది. నాలుగడుగులు వేసి ఆగారు.

"బరువున్నానా?"

"ఉన్నావు."

"ఉంటా మరి. నీ కోడికూర తిన్న ఒళ్ళు."

కెజీయా నిలబడిపోయింది. "తిన్నావా?"

"తినక? తలుపేసుకుని తిన్నా. కోపం కోపమే, కూర కూరే. ఉప్పు చూసుకోవు నువ్వు, కాసింత ఎక్కువైంది." హుల్ద రెండడుగులు కుంటింది. "అయినా అందరి ముందు గంజి అనాల్సింది కాదమ్మాయ్. ఆ రోజు నా ఇంట్లో ఉన్నదదే. అది నీకు పోసి నేను పడుకున్నా. గంజి అని తెలియకుండా ఉంటదనే కదా ఆ మూతలు."

"తప్పయింది అత్తా."

"అయింది. నడు."

మందిరం చేరేసరికి మిగతావాళ్ళు మెట్ల మీద, చూరు కింద, ఒకళ్ళ కొంగు ఒకళ్ళు పిండుతూ నిలబడి ఉన్నారు. ముఠాలో అందరూ సమాజం వాళ్ళు కాదు. పక్క వీధి వాళ్ళు ముగ్గురున్నారు. వాళ్ళు మరీ వెనకగా, వానలోనే నిలబడ్డారు, లోపలికి రావచ్చో లేదో తెలియక. మాష్టారు లోపల లాంతరు వెలిగించాడు. కెజీయా హుల్దను మెట్టెక్కించి తలుపుకు ఆనించి, తను గుమ్మంలో నిలబడి వెనక్కి తిరిగింది.

ఆ సమాజంలో మనుషుల్ని అంకెలతో లెక్కపెట్టరు. మందను లెక్కపెట్టినట్టు ఉంటుందని వాళ్ళ పట్టింపు. ప్రార్థనకు కావలసిన పదిమంది వచ్చారో లేదో చూసేటప్పుడు కూడా మాష్టారు పది మాటలున్న ఒక కీర్తన చరణాన్ని, ఒక్కొక్కరి మీద ఒక్కో మాటగా చదువుతాడు. కెజీయాకు ఆ చరణం నోటికి వచ్చు. ఆ క్షణాన ఒక్క మాటా రాలేదు. అందుకని పేర్లు చెప్పింది. ఒక్కొక్కరి తడిసిన తల మీద చెయ్యి ఆనించి, ఆ తల అక్కడ ఉందని రూఢి చేసుకుని, తర్వాతి పేరు చెప్పింది.

"తిర్సా. అబీగయీలు. రిబ్కా. కోటమ్మ. నాగరత్నం. సైదాబీ." వానలో నిలబడినవాళ్ళ కోసం చెయ్యి చూరు దాటి చాపాల్సి వచ్చింది. తర్వాత పక్కకు తిరిగి, తలుపుకు ఆనుకున్న ముసలిదాని తల మీద చెయ్యి పెట్టింది. అది తియ్యలేదు. "హుల్దత్త."

అందరూ వచ్చారు. కెజీయా మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. తిర్సా. అబీగయీలు. రిబ్కా. అక్కడ ఆగి హుల్ద వైపు చూసింది.

"మాష్టారూ," అంది వెనక్కి తిరగకుండానే, "ఈవిడకి నేనేం తిరిగివ్వను?"

సాదోకు మాష్టారు గోడ వార ఖాళీగా ఉన్న చోట చాప పరిచి, లాంతరు పట్టుకుని ఆమె వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

"ముందు గుమ్మంలోంచి జరుగమ్మా," అన్నాడు. "వాళ్ళు లోపలికి రావాలి."